శివారు కుర్చీలో ఎగువ రైతు

కృష్ణా పశ్చిమ డెల్టాలో నాట్ల రోజులొస్తే రైతులు ఒకరినొకరు అడిగే మొదటి మాట, "నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి?" అని. ప్రకాశం బ్యారేజీకి సీతానగరం వైపున పశ్చిమ ప్రధాన కాలువ మొదలవుతుంది. దుగ్గిరాల దగ్గర చీలి, కొమ్మమూరు కాలువగా బాపట్ల వైపు, మిగతా పాయలుగా తెనాలి, రేపల్లె, నిజాంపట్నం వైపు సాగుతుంది. తెనాలి పట్టణంలోంచే మూడు కాలువలు పోతాయి. మొత్తం ఆయకట్టు దాదాపు 5.7 లక్షల ఎకరాలు. బ్యారేజీ దగ్గర గేటు ఎత్తిన నీరు రేపల్లె అవతలి చివరి పిల్లకాలువలోకి, అంటే బోదెలోకి చేరాలంటే దారిలో లెక్కలేనన్ని తూములు, ఇంజన్లు, అడ్డుకట్టలు దాటాలి. ఆ నీటి కోసం కళ్లు కాయలు కాసేలా చూసేవాళ్లను ఇక్కడ శివారు రైతులంటారు.

శివారు రైతును అడిగితే, పైవాళ్లు షట్టర్లు ఎత్తిపెట్టి, రాత్రుళ్లు ఇంజన్లు వేసి తోడేస్తున్నారంటాడు. ఎగువ రైతును అడిగితే, తన చేను ముందు పారే నీటిలో తన వంతే తీసుకుంటున్నానంటాడు. ఇవాళ పెట్టుకోకపోతే రేపు కాలువ కట్టేస్తారేమోనన్న భయం అతనిది. కాలువకు కాపలా ఉండే లష్కరును అడిగితే, ఒక్క మనిషి ఇన్ని మైళ్ల గట్టు మీద ఇన్ని తూములు ఎలా కాస్తాడంటాడు. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు.

వాన ఎక్కువైతే ఇదే వరుస తిరగబడుతుంది. పై పొలాల మురుగునీరంతా నల్లమడ, రేపల్లె మెయిన్ డ్రెయిన్ లాంటి డ్రెయిన్లలో పడి సముద్రం వైపు వస్తుంది. గుర్రపుడెక్క, తూటికాడ అడ్డం పడ్డాయంటే ఆ నీరు శివారు చేల మీదే నిలుస్తుంది. సాగునీరు అందరికంటే ఆలస్యంగా అందేది ఎవరికో, ముంపు నీరు అందరికంటే ముందు అందేదీ వాళ్లకే.

ఇలాంటి తగాదాల గురించి మాట్లాడేటప్పుడు మనం మనుషుల గుణగణాల దగ్గర మొదలుపెడతాం. వాళ్లకు స్వార్థమనీ వీళ్లకు నోరెక్కువనీ అనుకుంటాం. కానీ దుగ్గిరాల రైతు రేపల్లెలో, రేపల్లె రైతు దుగ్గిరాలలో పుట్టి ఉంటే ఇద్దరి వాదనలూ తారుమారయ్యేవి. తగాదా మూలం కాలువ మీద వాళ్లు నిలబడిన వరుసలో ఉంది. ఈ సంగతి మాటల్లో చెబితే ఎవరికీ ఎక్కదు. ఆట ఆడించి చూపిస్తే ఎక్కుతుందని గత నలభై, యాభై ఏళ్లుగా కొందరు పరిశోధకులు చెబుతూ వస్తున్నారు. అది ఎంతవరకు నిజమో చూద్దాం.

ఆట అనగానే ఈ ప్రాంతపు మనసులో మెదిలేది అంత మంచి జ్ఞాపకం కాదు. పక్కనున్న పల్నాడులో బ్రహ్మనాయుడికీ నాగమ్మకూ మధ్య జరిగిన కోడిపందెం ఒక వర్గాన్ని ఏడేళ్లు దేశం విడిచిపోయేలా చేసి, చివరికి యుద్ధం దాకా లాక్కుపోయిందని కథ. భారతంలో జూదం సంగతి చెప్పనక్కర్లేదు. ఆ ఆటల్లో ఒకడు గెలవాలంటే రెండోవాడు సొంత ఆస్తి ఓడాలి. సీరియస్ గేమ్స్ అనేవి వేరే జాతి. అమెరికాలో క్లార్క్ ఆబ్ట్ 1970లో అదే పేరుతో పుస్తకం రాశాక ఈ మాట బాగా వ్యాపించింది. కాలక్షేపం కోసం కాకుండా నేర్చుకోవడం కోసం అల్లిన ఆటలవి. నిజజీవితంలోని ఒక చిక్కును తీసుకుని, అందులోని ముఖ్యమైన లెక్కలను మాత్రం ఉంచి, బల్ల మీదకో కంప్యూటర్ తెర మీదకో తెస్తారు. నిజమైన చేలో ఒక తప్పు తేలడానికి ఒక పంటకాలం పడుతుంది, అది రైతు నెత్తిన అప్పుగా మిగులుతుంది. బల్ల మీద అదే తప్పు పావుగంటలో తేలుతుంది, ఎవరి కొంపా మునగదు.

మన విషయానికి బాగా దగ్గరైన ఆట ఒకటుంది. మార్కో యాన్సన్, జాన్ ఆండరీస్, హువాన్ కమిలో కార్దెనాస్ అనే పరిశోధకులు థాయిలాండ్, కొలంబియా పల్లెల్లో ఆడించారు. ఐదుగురు ఆటగాళ్లు ఒక కాలువ మీద పై నుంచి కిందికి వరుసగా ఉన్నట్టు లెక్క. ప్రతి విడతలో ఒక్కొక్కరికి 10 బిళ్లలు ఇస్తారు. కాలువ బాగుకు అందులోంచి ఎన్ని వేయాలో ఎవరికి వాళ్లే నిర్ణయించుకోవాలి. ఐదుగురూ ఉన్నవన్నీ వేస్తే కాలువలో 100 పాళ్ల నీరు పారుతుంది. అందరివీ కలిపి 10 దాటకపోతే చుక్క రాదు. తర్వాత నీరు పంచుకునే వంతు మొదలవుతుంది. మొదట పైవాడు తనకు కావలసినంత తీసుకుంటాడు, మిగిలింది రెండోవాడికి, అలా చివరివాడి దాకా.

మొదటి విడతలో చివరివాడు కూడా నమ్మకంతోనే బిళ్లలు వేస్తాడు. నీళ్లు అందకపోతే తర్వాతి విడతలో తగ్గిస్తాడు. అతను తగ్గించడంతో మొత్తం నీరు తగ్గి, ఆ దెబ్బ పైవాడికీ తగులుతుంది. ఇది అర్థమైన పైవాళ్లు కాలువను పూర్తిగా తాగెయ్యరు. పెద్ద వాటా తామే ఉంచుకుంటూ, కిందివాళ్లు మళ్లీ పనికి రావడానికి సరిపడా నీరు వదులుతారు. అందులో దయ కొంత ఉంటే ఉండొచ్చు, లెక్క మాత్రం తప్పకుండా ఉంటుంది. శివారువాడి చేతిలో ఉన్న ఒకే బలం అతని సహకారం. అది అవసరమైనంతకాలం పైవాడు అతన్ని లెక్కచేస్తాడు.

ఇక్కడ మన డెల్టాకు సంబంధించిన ఒక ముఖ్యమైన విషయం బయటపడుతుంది. పశ్చిమ డెల్టాలో ప్రధాన కాలువలను నడిపేది ప్రభుత్వం. పూడిక తీయించేదీ షట్టర్లు బిగించేదీ ఇరిగేషన్ శాఖే. శివారు రైతు పార పట్టినా పట్టకపోయినా ఎగువ రైతు నీటిలో తేడా రాదు. అంటే ఆటలో శివారువాడికి ఉన్న బలం ఇక్కడి శివారు రైతు చేతిలో లేదు. అతనికి మిగిలింది రోడ్డెక్కడం, ఆఫీసు ముందు బైఠాయించడం. పొరుగు ఊళ్లవాళ్లు కూర్చుని తేల్చుకోవలసిన తగాదా ఎప్పుడూ అధికారుల గుమ్మం దగ్గర తేలడానికి కారణం ఇదేనని నా అభిప్రాయం.

అవసరం ఉన్నచోట రైతులు తమంతట తామే కూడగట్టుకుంటారనడానికీ సాక్ష్యం ఉంది. పరిశోధకుడు రాబర్ట్ వేడ్ కర్నూలు జిల్లా కాలువల కింది ఊళ్లలో తిరిగి 1988లో 'విలేజ్ రిపబ్లిక్స్' అనే పుస్తకం ప్రచురించాడు. కాలువ చివరన ఉండి నీటికి కటకటలాడే ఊళ్లలోనే రైతులు గట్టిగా సంఘటితమై ఉండడం అతను చూశాడు. ఊరి తరఫున నీళ్లు పంచే మనుషులను, పంట కావలివాళ్లను పెట్టుకున్నారు. ఎవరి నీళ్లు వాళ్లు పెట్టుకునే వీలున్న ఎగువ ఊళ్లలో ఆ అవసరం అంతగా పుట్టలేదు. ఉమ్మడి వనరులను ప్రజలే నియమాలు పెట్టుకుని కాపాడుకోగలరని నిరూపించి 2009లో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ చెప్పిందీ ఈ దారిలోని మాటే. కృష్ణా నీళ్లను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రైబ్యునల్ కృష్ణా డెల్టా మొత్తానికి 181.2 టీఎంసీలు కేటాయించింది. రాష్ట్రాల మధ్య తగాదాకు ట్రైబ్యునల్ ఉంది. బోదె మీద ఇద్దరు రైతుల తగాదాకు ఎవరున్నారు? 1997 చట్టంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 10 వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. సభ్యుల తగాదాలు తీర్చే బాధ్యతను కూడా చట్టం వాటి మీదే పెట్టింది. తగాదా తీర్చడం ఒక విద్య అని, దాన్ని ఎవరో ఒకరు నేర్పాలని మాత్రం ఎవరికీ పట్టలేదు.

ఆట ఆ విద్యను నేర్పగలదా అన్నదానికి మన రాష్ట్రంలోనే ఒక ఉదాహరణ ఉంది. అది డెల్టాలోది కాదు, రాయలసీమ రాతినేలలది. 2013, 2014లలో రూత్ మైంజెన్-డిక్, ఆమె సహ పరిశోధకులు, ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ వంటి స్వచ్ఛంద సంస్థలు కలిసి అక్కడి పల్లెల్లో భూగర్భజలం మీద ఒక ఆట ఆడించారు. ఆటగాళ్లందరి బోర్లూ ఒకే నీటిపొర మీద ఉంటాయి. ప్రతి విడతలో ఒక్కొక్కరు తక్కువ నీటి పంటో, ఎక్కువ డబ్బిచ్చే ఎక్కువ నీటి పంటో ఎంచుకోవాలి. ఎవరేం వేశారో పక్కవాడికి తెలియకపోయినా, విడత చివర నేలలో నీరు ఎంత తగ్గిందో అందరికీ కనిపిస్తుంది. నిజజీవితంలో కనిపించనిది అదే. బోరు ఎండినప్పుడు రైతు తన తలరాతను తిట్టుకుంటాడు తప్ప పది చేల అవతలి పంటకు ముడిపెట్టుకోడు.

వాళ్లు ప్రచురించిన ఫలితాలు ఆలోచింపజేస్తాయి. బాగా ఆడినవాళ్లకు సొంతంగా డబ్బు ముట్టజెప్పినా ఎంపికల్లో తేడా రాలేదు. ఆట మధ్యలో మాట్లాడుకోనిస్తే సహకారం పెరుగుతుందని అందరూ అనుకుంటాం. మొదటి ఏడాది పెరగలేదు. ఏడాది తర్వాత అవే ఊళ్లలో కొంచెం మార్చిన ఆటను మళ్లీ ఆడించినప్పుడు మాత్రం మాట్లాడుకున్న జట్లు నీటిని నిలుపుకునే స్థాయికి ఎక్కువగా చేరాయి. మాట్లాడుకునే అవకాశం ఉన్నంత మాత్రాన చాలదు, ఏం మాట్లాడుకోవాలో తెలియాలి. అది తెలియడానికి ఒకసారి దెబ్బతిని, ఏడాదిపాటు ఆలోచించుకోవలసి వచ్చిందని నేను అర్థం చేసుకున్నాను. ఇంకా ముఖ్యమైన ఫలితం ఆట బయట కనిపించింది. అదే సంస్థల కార్యక్రమంలో ఉండి ఆట ఆడని ఊళ్లతో పోలిస్తే, ఆడిన ఊళ్లలో నీటి రిజిస్టర్లు పెట్టుకోవడం, వాడకానికి కట్టుబాట్లు చేసుకోవడం స్పష్టంగా ఎక్కువగా జరిగింది. ఆటలే భూగర్భజలాల క్షీణతను ఆపేస్తాయని మాత్రం ఆ పరిశోధకులు అనలేదు.

ఆ పల్లెల్లో ఆట ముగిశాక ఊరందరినీ కూర్చోబెట్టి మాట్లాడించేవారు. నా దృష్టిలో అసలు పాఠం అక్కడే జరుగుతుంది. నువ్వు మూడో విడతలో ఆ పంట ఎందుకు వేశావు, నీరు తగ్గుతోందని ఎప్పుడు గమనించావు, ఇది మన ఊళ్లో జరుగుతోందా అని అడిగితే, ఆట పేరు చెప్పి నిజం మాట్లాడే వీలు దొరుకుతుంది. రచ్చబండ మీద ఎదుటివాణ్ని తప్పుపడితే మాట పెరుగుతుంది. ఆటలోని ఎంపికను తప్పుపడితే నవ్వుకుని ఆలోచిస్తారు. ఈ కూర్చోబెట్టడం లేకుండా ఆట ఒక్కటే ఆడించి వెళ్లిపోయేవాళ్లు కాలక్షేపానికీ సీరియస్ గేమ్‌కీ తేడా చెరిపేస్తున్నారు.

వరినాట్ల నీటి తగాదా మీదే ఆడిన ఆట భూటాన్‌లో ఉంది. లింగ్ముతేచు అనే వాగు మీద లింబుఖా పై ఊరు, దొంపోలా కింది ఊరు. నాట్ల వేళ కింది ఊరికి నీరెప్పుడు వదలాలన్నది పాత తగాదా. తయన్ రాజ్ గురుంగ్, ఫ్రాన్స్వా బూస్కే, గీ త్రెబుయి 2003లో రెండు ఊళ్ల రైతులతో పాత్రలు వేయించి ఈ తగాదాను ఆడించారు. మొదట ఎవరి ఊళ్లో వాళ్లు మాట్లాడుకుని ఆడారు. తర్వాత రెండు ఊళ్లూ కలిసి మాట్లాడుకుని ఆడాయి. ఆ తర్వాత ఊళ్లు మార్చుకున్నారు, పై ఊరి రైతులు కింది ఊరివాళ్లయ్యారు. ఆ ఆటల ఆధారంగానే కంప్యూటర్ నమూనా తయారుచేసి రకరకాల పంపకాలు పరీక్షించారు. చివరికి ఒక ఒప్పందం కుదిరింది, ఆ వాగు పరీవాహకం మొత్తానికీ ఉమ్మడి కమిటీ ఏర్పడింది.

పాత్ర మార్చుకోవడంలోని శక్తిని తెనాలి, బాపట్ల జనానికి కొత్తగా చెప్పాల్సిన పని లేదు. బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు తెనాలి రంగస్థలం మీద సత్యభామగా, రోషనారగా దశాబ్దాలపాటు మెప్పించాడు. మరో మనిషి నడక, చూపు, కోపం తన ఒంట్లోకి తెచ్చుకోవాలంటే ఆ మనిషికి ఏం కావాలో ముందు తెలుసుకోవాలి. శివారు రైతు పాత్ర వేసిన ఎగువ రైతుకూ అదే పని పడుతుంది. రెండు విడతలు ఖాళీ బోదె ముందు కూర్చుంటే, నిన్నటిదాకా తనకు నోరెక్కువగా కనిపించినవాళ్ల మాటలే తన నోట వస్తాయి.

రోజర్ ఫిషర్, విలియం యూరీ 1981లో ఒప్పందాల కళ మీద రాసిన ప్రసిద్ధ పుస్తకం ఒక తేడాను నొక్కి చెప్పింది. తగాదాలో మనిషి పట్టే పట్టు వేరు, ఆ పట్టు వెనకున్న అవసరం వేరు. పట్టుల మధ్య రాజీ కుదరడం కష్టం, అవసరాల మధ్య తరచు దారి దొరుకుతుంది. దీన్ని పశ్చిమ డెల్టా లెక్కలో పెట్టి చూద్దాం. కింది ఆట నేను అల్లినది, చింతపిక్కలతో ఏ అరుగు మీదైనా ఆడుకోవచ్చు.

ఐదుగురు కూర్చుంటారు: దుగ్గిరాల, తెనాలి, వేమూరు, భట్టిప్రోలు, రేపల్లె. ఒక్కొక్కరికి పదెకరాలు. సీజన్‌లో ఆరు వంతులు, వంతుకు 20 పిక్కల నీరు, మొత్తం 120. పదెకరాల దమ్ముకు 20 పిక్కలు కావాలి. ఎకరం నాటుకు 5 సెంట్ల నారుమడి చాలు కాబట్టి పదెకరాల నారుమడికి ఒక్క పిక్క చాలు. ఐదుగురికీ కలిపి అవసరం 105. అంటే నీటికి కొదవ లేదు. నారు అందిరావడానికి రెండు వంతుల కాలం పడుతుంది, ఆరో వంతు దాటితే నాటడానికి అదును దాటినట్టే.

ఎవరిష్టానికి వాళ్లను వదిలేస్తే మొదటి వంతు 20 పిక్కలూ దుగ్గిరాల పట్టేస్తుంది. నారు ఇంకా చేతికి రాకపోయినా, రేపేమవుతుందోనన్న భయంతో చేను తడిపిపెట్టుకుంటుంది. రెండో వంతులో ఒక్క పిక్కతో దాని అవసరం తీరుతుంది, మిగతాది తెనాలికి. అలా జారుతూ జారుతూ రేపల్లెకు మొదటి పిక్క ఐదో వంతులో దక్కుతుంది. అప్పుడు నారు పోస్తే ఏడో వంతుకు అందుతుంది. అదును పోయింది. కాలువలో మాత్రం ఇంకా 15 పిక్కలు మిగిలే ఉన్నాయి. నీళ్లుండగానే పంట పోయింది.

ఇక రేపల్లె మొదటి వంతులో సగం నీరు మాకే కావాలని పట్టుబడితే దుగ్గిరాల ససేమిరా అంటుంది. పట్టు వదిలి అవసరం మాట్లాడితే లెక్క మారిపోతుంది. మొదటి వంతులో కాలువ పొడవునా నారుమళ్లకే ముందు నీళ్లు పెడితే ఐదు పిక్కలు పోతాయి. మిగిలిన 15 దుగ్గిరాలే తీసుకోవచ్చు. అది తన నారుమడి పిక్కతో కలిపి 16, రెండో వంతులో మరో ఐదు తీసుకుంటే 21 నిండుతాయి. దాని పని మునుపటిలాగే రెండో వంతులో పూర్తయింది, నష్టమేమీ లేదు. రేపల్లె నారు మాత్రం మూడో వంతుకే సిద్ధంగా ఉంటుంది, ఆరో వంతులో నాటు పడిపోతుంది. దుగ్గిరాల నాలుగు పిక్కలను ఒక్క వంతు ఆలస్యంగా తీసుకున్నందుకు ఒక ఊరి పంట నిలబడింది. కాలువలు ఇంత చెప్పినట్టు వినవు, గట్లు తెగిపోతాయి, బ్యారేజీలో మట్టం పడిపోతుంది. అయినా ఈ లెక్కను తన చేత్తో పిక్కలు జరిపి కనుక్కున్న మనిషి, తర్వాత కాలువ గట్టు మీద వేరేగా మాట్లాడతాడు.

అన్ని తగాదాలకూ ఇది మందు కాదు, ఈ మాట ఇక్కడ గట్టిగా చెప్పాలి. బాపట్ల జిల్లాలోని కారంచేడులో 1985 జులైలో గొడవ మొదలైంది దళితుల మంచినీటి చెరువు దగ్గరే. ఆరుగురు దళితులను చంపారు. తెనాలికీ బాపట్లకూ మధ్యనున్న చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. ఆ కేసు విచారణకు ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు, 2007లో శిక్షలు పడ్డాయి, 2014లో హైకోర్టు వాటిని కొట్టేసింది. ఇవి పరస్పర అపార్థం వల్ల వచ్చిన తగాదాలు కావు. అవి నేరాలు, వాటికి కావలసింది న్యాయం. బాధితుణ్నీ బాధించినవాణ్నీ ఒకే బల్ల ముందు కూర్చోబెట్టి పాత్రలు మార్చుకోమనడం రెండోసారి బాధించడమే అవుతుంది. ఎదుటివాడి సహకారం తమకు అవసరమని ఇద్దరికీ కొంతైనా అనిపించే చోట మాత్రమే ఆట పనిచేస్తుంది.

అలాంటి చోట కూడా బల్ల చుట్టూ ఎవరు కూర్చున్నారన్నది ఫలితాన్ని నిర్ణయిస్తుంది. డెల్టాలో చాలా చేలు సాగు చేసేది కౌలు రైతులు. భూమి యజమాని తెనాలిలోనో హైదరాబాద్‌లోనో ఉంటాడు, నీళ్లు రాక నిద్ర లేనిది కౌలుదారుకు. నాట్లు ఆలస్యమైతే కూలి రోజులు పోయేది ఆడవాళ్లకు. రేపల్లె, నిజాంపట్నం వైపు రొయ్యల చెరువుల యజమానులకు నీటితో వేరే లెక్క ఉంది, పక్క వరిచేను రైతుకు ఉప్పు భయం ఉంది. లష్కరు ఇన్ని తిట్లు తినే మనిషి, అతని పాత్రను ఒక రోజు సంఘం అధ్యక్షుడు వేసి చూడాలి. వీళ్లెవరూ లేకుండా నలుగురు పెద్ద రైతులు ఆడుకున్న ఆటలో కుదిరిన ఒప్పందం కాలువ మీద ఒక్క వంతు కూడా నిలవదు.

ఆడించే మనిషి కూడా అటూ ఇటూ కానివాడై ఉండాలి. 1945లో మొదలైన బాపట్ల వ్యవసాయ కళాశాల ఈ ఆయకట్టులోనే ఉంది. ఊళ్లకు వెళ్లి రైతులతో మసలడం చదువులో భాగమైన విద్యార్థులు అక్కడున్నారు. ఆట నడపడం, తర్వాత మాట్లాడించడం, తాము తీర్పు చెప్పకుండా ఊరుకోవడం నేర్పితే వాళ్లు ఈ పనికి సరిపోతారు. వేసవిలో కాలువలు కట్టేసి పూడిక తీసే వారాల్లో రైతులకు తీరిక ఉంటుంది, నీటి కోపం ఇంకా రాజుకోదు. అప్పుడు ఒకసారి ఆడాలి. నాట్లు ముగిశాక, ఆ ఏడాది నిజంగా ఎవరికి ఏ తేదీన నీరందిందో రాసిపెట్టిన రిజిస్టరు పక్కన పెట్టుకుని మళ్లీ ఆడాలి. రాయలసీమ పల్లెల్లో మాటలు ఫలించింది రెండో ఏడాదే కాబట్టి, ఒక్కసారి ఆడించి ఫలితం లేదని వదిలెయ్యకూడదు.